మూడు కిలోలే

గౌలిపురలో మా ఇంటి వెనక కొట్టంలో నాలుగు బర్రెలున్నాయి. ఏ బర్రె ఎన్ని పాలిస్తుందని ఎవరడిగినా మా అత్తమ్మ రెండు లీటర్లు తగ్గించే చెబుతుంది. పది ఇచ్చేదానికి ఎనిమిదంటుంది. "నరుని దిష్టికి నల్లరాయి సుత పగుల్తది" అని సామెత కూడా జోడిస్తుంది. కొత్తకోడలిగా అది విని చాటుగా నవ్వుకునేదాన్ని.

నాకు తొమ్మిదో నెల వచ్చాక స్కాన్ చేసి, బిడ్డ నాలుగు కిలోల దగ్గర ఉందని డాక్టరమ్మ చెప్పింది. షుగర్ ఏమీ లేదంది. "స్కాన్ లెక్క అటూ ఇటూ అవ్వొచ్చమ్మా. నార్మల్‌కే చూద్దాం. పెద్ద బిడ్డ కాబట్టి భుజాలు ఇరుక్కునే అవకాశం కొంచెం ఉంటుంది. ఆపరేషన్‌కు కూడా సిద్ధంగానే ఉంటాం" అంది. అన్ని మాటల్లో నా చెవిలో మిగిలింది 'ఇరుక్కునే' ఒక్కటే. ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను.

అత్తమ్మ బర్రెలకు గడ్డి వేస్తూ అంతా విన్నది. చేతులు కడుక్కొచ్చి నా కడుపు మీద చెయ్యి పెట్టింది.

"నాలుగా? మూడుంటదేమో, గంతే. మిషన్‌కేం తెల్సు?"

"మిషన్‌కు తెల్వంది నీ చెయ్యికి తెల్సా అత్తమ్మా?"

"ముప్పై ఏండ్ల సంది బర్రెలు ఈనంగ దూడలను గుంజిన చెయ్యి గిది. ఫికర్ జెయ్యకు. పోయి తిను."

నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ నా ప్రాణం, బిడ్డ ప్రాణం ఏమవుతాయోనని నేను చస్తుంటే ఈమెకు దూడల లెక్కనా! మా ఆయనకు చెబితే, "అమ్మ అన్నదంటే గట్లనే ఉంటది" అని పాల క్యాన్లు బండికి కట్టుకుని వెళ్ళిపోయాడు. నా భయం నేనొక్కదాన్నే మోశాను.

ఒకరోజు గుమ్మంలో నిలబడితే ఎదురింటి ఖాలా నా పొట్ట చూసి, "మాషాల్లా! జుడ్వా హై క్యా?" అని నవ్వింది, కవలలా అని. నేను నోరు విప్పేలోపే అత్తమ్మ ఉరికొచ్చింది. "నై ఆపా, ఏకీచ్ హై. ఛోటాచ్ హై" అని, ఒక్కటే, అదీ చిన్నదేనని చెప్పి, నా కొంగు పొట్ట మీదికి లాగి లోపలికి తోలింది.

"గిట్ల గల్లీల నిలవడకు" అని గయ్యిమంది.

"చిన్నదే అంటున్నవ్ గదా, ఎవరు జూస్తే ఏంది?"

అత్తమ్మ పాల చెంబు అందుకుని కొట్టంలోకి నడిచింది.

పుట్టిన బిడ్డకు మాలో ముందుగా కొత్తబట్టలు వెయ్యరు. ఆరోగ్యంగా పెరిగిన పిల్లల పాత అంగీలు తొడుగుతారు. మా ఆడబిడ్డ కొడుకు పుట్టినప్పటివి తెప్పించి, ఉతికి సంచిలో సర్దింది అత్తమ్మ. అరచెయ్యంత ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా నా మాటకు ఈ ఇంట్లో విలువ లేదని ఉడికిపోయేదాన్ని.

ఒక పొద్దున నొప్పులు మొదలైతే ఆసుపత్రిలో చేరాను. మధ్యాహ్నం తల వచ్చింది, భుజాల దగ్గర నిజంగానే ఆగింది. డాక్టరమ్మ గట్టిగా ఏదో చెప్పగానే ఇద్దరు నర్సులు నా మోకాళ్ళు పొట్టకేసి మడిచి పట్టుకున్నారు. అమ్మా అని అరిచాను. మరుక్షణమే ఏడుపు వినిపించింది. ఆడపిల్ల! నాలుగు కిలోల రెండొందల గ్రాములు. "పహిల్వాన్ వచ్చింది" అని నర్సు నవ్వితే నేను వెక్కివెక్కి ఏడ్చాను, నవ్వాను.

వార్డులో నర్సు అంగి తొడగబోతే బిడ్డ చెయ్యి దూరలేదు. "ఇది పట్టదమ్మా, ఇంకోటి లేదా?" అంది. చూసినవా అన్నట్టు అత్తమ్మ వైపు చూశాను. ఆమె సంచి అడుగు నుంచి ఒక మూట తీసింది. మూడు నెలల పిల్లలకు పట్టే పాత అంగీలు, ఆరు, ఉతికి మడతపెట్టినవి.

"ఇవెప్పుడు పెట్టినవ్?"

"నువ్ స్కాన్ చేయించుకొచ్చిన నాడే. చెయ్యి పెట్టంగనే తెల్సింది బిడ్డా. నోటితోని అంటే దిష్టి. నాకు సుత మస్తు భయమైంది. ఇద్దరం ఏడ్సుకుంట కూసుంటే బర్రెలకు గడ్డెవరేస్తరు?"

దూడలను గుంజిన ఆ చేతులతో అంగి దారాలు మెల్లగా ముడివేసింది. ఇన్ని రోజులూ ఆమెను ఎంత తిట్టుకున్నానో తలుచుకుని సిగ్గేసింది.

పక్క మంచం ఆమె తొంగి చూసింది. "బిడ్డ మస్తుగుంది. ఎంత బరువు?"

అత్తమ్మ నోరు తెరిచేలోపే నేనన్నాను.

"మూడు కిలోలే అక్కా."