హైదరాబాద్ నుంచి వచ్చిన ఫోన్

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఒక్క నిమిషంలో ఆడేసిన అబద్ధం. దించుకునే చోటు మాత్రం ఇన్నేళ్ళూ దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పుకోవాలనిపించింది.

ఇది ఏడుపు కథ కాదని ముందే చెబుతున్నాను. ఆ తప్పు వల్ల నా జీవితంలోకి బోలెడంత సంతోషం వచ్చింది. నా సిగ్గంతా అక్కడే ఉంది.

మాది తాడేపల్లిగూడెం. ఆకివీడు దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో కొత్తవాళ్ళను ఉద్యోగాల్లోకి తీసుకునే పని నాది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులు. ల్యాబ్‌లో రొయ్యలను పరీక్షించడానికి బాగా చదువుకున్నవాళ్ళు కావాలి. పిలిస్తే వచ్చేవారు. ఇంటర్వ్యూలో చక్కగా జవాబులు చెప్పేవారు. ఆఫర్ లెటర్ రెండు చేతులతో అందుకునేవారు. చేరేవారు మాత్రం కాదు. మనవైపు మర్యాద సంగతి మీకు తెలుసుగా, మొహం మీద ఎవరూ వద్దనరు. "ఇంట్లో అడిగి చెప్తానండీ" అంటారు. ఆ మాట వినపడిందంటే ఆ కుర్చీ ఖాళీయే.

ఇంట్లో అడుగుతామంటున్నారు కదా, ఆ ఇంటికి నేనే వెళ్తే పోలా అని చాలా ఆలస్యంగా తట్టింది నా బుర్రకి. వెళ్ళడం మొదలుపెట్టాను. తల్లులు జీతం ఊసే ఎత్తేవారు కాదు. బస్సు ఎక్కడ ఆగుతుంది, పిల్ల చీకటి పడకముందే ఇల్లు చేరుతుందా, ఆ చల్లటి గదుల్లో జలుబు చెయ్యదా అని అడిగేవారు. ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. జవాబు లేని చోట మేనేజరుతో పోట్లాడి జవాబు తెచ్చేవాణ్ణి. కుర్చీలు నిండాయి. పెళ్ళి సంబంధాలు కుదిర్చేవాడిలా తయారయ్యానని మా ఆవిడ ఆటపట్టించేది. నిజం చెప్పొద్దూ, నాకు ఆ పని భలే నచ్చింది.

అప్పుడు దొరికింది కరుణ. అత్తిలి అమ్మాయి, మైక్రోబయాలజీ చదివింది. ప్రశ్న పూర్తికాకముందే జవాబు, జవాబు పూర్తికాకముందే నవ్వు. ఈ పిల్ల మాకు కావాలి, అంతే అనుకున్నాను. అయితే ఆమె హైదరాబాద్‌లో ఒక పెద్ద ల్యాబ్‌కు కూడా ఇంటర్వ్యూ ఇచ్చింది. వాళ్ళ కబురు కోసం చూస్తున్నానని దాచకుండా తనే చెప్పింది.

వాళ్ళింటికి వెళ్ళాను. నాన్నగారు మిషన్ స్కూల్లో మాస్టారు. అమ్మగారు ఒక్కటే అడిగారు.

"ఆదివారం మా అమ్మాయి గుడికి వెళ్ళాలండీ. మీకు ఆదివారం పని ఉంటుందాండీ?"

చర్చిలో ప్రార్థనకు వీలుగా ఆదివారం పొద్దుట పూట సెలవుకు మేనేజరును నేను ముందే ఒప్పించి వచ్చాను. ఆ మాట చెప్పగానే ఆవిడ మొహం విప్పారింది. ఇక భోజనం చేయకుండా కదలనివ్వలేదు. ఆవిడ వంటింట్లోకి, మాస్టారు చేపలు శుభ్రం చేయడానికి పెరట్లోకి, కరుణ పెరుగు కోసం పక్కింటికి వెళ్ళారు. ముందు గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఫోన్ మోగింది.

"ఏవండీ, కాస్త ఆ ఫోన్ ఎత్తుతారా? నా చేతులనిండా పొలుసులేనండీ!" అని పెరట్లోంచి మాస్టారు కేకేశారు.

ఎత్తాను. హైదరాబాద్ ల్యాబ్ వాళ్ళు.

"కరుణగారిని సెలెక్ట్ చేశామండీ. చేరతానని ఈ సాయంత్రంలోగా చెబితే చాలు. లేదంటే తర్వాతి వాళ్ళని పిలుస్తాం."

"వేరేచోట చేరిపోయిందండీ," అన్నాను.

"అయ్యో. మీరెవరండీ?"

"వాళ్ళ బాబాయినండీ."

పెట్టేశాను. ఎవరండీ అని మాస్టారు అడిగితే రాంగ్ నంబరండీ అన్నాను. తర్వాత చేపల పులుసుతో అన్నం తిన్నాను. మారు కూడా వడ్డించుకున్నాను.

ఎందుకు చేశాను? ఫ్యాక్టరీ కోసమా? అంత స్వామిభక్తి నాకెప్పుడూ లేదు. ఇంటింటికీ తిరిగి, బస్సులూ సెలవులూ సాధించుకొచ్చి, ఇంత చేశాక ఆ అమ్మాయి చెప్పే "సరే" నాకే దక్కాలనుకున్నానా? నన్ను ఇంటివాడిలా నమ్మి ఫోన్ ఎత్తమన్నారు. నేను నిజంగానే ఇంటివాడినైపోయి ఆమె బదులు జవాబు చెప్పేశాను.

హైదరాబాద్ వాళ్ళకు తనే ఫోన్ చేయడానికి కరుణ మొహమాటపడింది. కొన్నాళ్ళు ఎదురుచూసి మా దగ్గర చేరింది. ఇక చూడండి, ల్యాబ్‌కు పండగ వచ్చింది. మైక్రోస్కోప్ ముందు కూనిరాగాలు, క్రిస్మస్‌కు అందరికీ కేకులు. ఒక చలికాలం మమ్మల్నందరినీ కొల్లేరుకు బయల్దేరదీసింది. పడవలో కేరింతలు కొడుతూ గూడబాతులను చూపిస్తోంది. అంత సంతోషంలో నా వైపు తిరిగి, "అక్కడ నన్ను వద్దనుకున్నారండీ. మీరేమో ఇంటికొచ్చి మరీ అడిగారు," అంది. నేను గూడబాతులను చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు ల్యాబ్ అంతా ఆమె చేతిలోనే ఉంది. ఇంటర్వ్యూల్లో నా పక్కనే కూర్చుంటుంది. మొన్నామధ్య దెందులూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి, చెన్నైలో ఇంకో కంపెనీ కబురు కోసం చూస్తున్నానని నసిగింది. కరుణ ఆఫీసు ఫోన్ ఆమె ముందుకు జరిపి, "ఇప్పుడే అడగమ్మా, పర్లేదు. నీకెక్కడ బాగుంటే అక్కడికే వెళ్ళు," అంది. ఆ అమ్మాయి మాట్లాడింది, ఇంటికెళ్ళి ఆలోచించుకుంది, మా దగ్గరికే వచ్చింది. ఆ రోజు కరుణ ఆనందం చూడాలి! "మీ దగ్గర నేర్చుకున్నదేనండీ," అంది నాతో.

ఎంత గర్వపడ్డానో, అంత కుంచించుకుపోయాను. ఆమెకు చెబుతానా? ఆ నవ్వు నా వైపు తిరగడం మానేస్తుందేమోనని భయం. ఇంత బాగుంది కదా, ఇక చెప్పడమెందుకు అని సర్దుకుందామంటే, ఆ బాగుండడం ఆమె ఎంచుకున్నది కాదు. తనను ఒకచోట వద్దన్నారనే నమ్మకంతో ఆమె ఇన్నేళ్ళు బతికింది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కసారి ఉన్నదున్నట్టు రాసుకోనివ్వండి, ఇప్పటికే ఊపిరి తేలిగ్గా ఆడుతోంది.

కరుణను వాళ్ళు వద్దనలేదు. కావాలని ఫోన్ చేశారు. ఎత్తింది నేను.