రేవులో భద్రతా తనిఖీ

మా రేవును వేలంలో పాడుకున్న గుత్తేదారుకు ఈత రాదు, గడ వేయడం రాదు. నీడలో కుర్చీ వేసుకుని కూర్చోవడం మాత్రం వచ్చు. తెలంగాణ ఇంకా రాని రోజులు. గోదావరి అవతలి పల్లెల నుంచి గోదావరిఖని బొగ్గు గనులకు, మా మాటలో బాయిలకు, పడవలోనే వచ్చేవాళ్లం. నిండేదాకా పడవను కదలనిచ్చేవాడు కాదు. మనుషులు చాలకపోతే మోటార్ సైకిళ్లు, అవీ చాలకపోతే మేకలు. కండువా వేసుకున్న నాయకుడెవరైనా వస్తే మాత్రం నలుగురితోనే బయలుదేరేది. పత్రికకు వార్తలు రాస్తూ నేను చాలా ఏళ్లు ఆ పడవెక్కాను. అతను కుర్చీలోంచి ఎంత లేచాడో చూసి, వచ్చింది ఎంత పెద్దమనిషో చెప్పగలిగేవాణ్ని.

ఒక డిసెంబరులో ఎక్కడో పడవ మునిగింది. వారం తిరక్కుండా మా రేవుకు ఓ అధికారి తనిఖీకి వచ్చాడు. వెంట ఎనిమిది కొత్త లైఫ్ జాకెట్లు. పడవలో నలభై మందిమి, ఆ రోజు కుర్చీ వదిలి ఎక్కిన గుత్తేదారుతో కలిపి. ఫొటోలో ముందు వరుసలో పడేవాళ్లకు జాకెట్లు తొడిగారు. పడవ నడిపే ముసలాయనకు ఇవ్వలేదు. అధికారి ఒకటి తొడుక్కుని, పొట్ట మీద బకిల్ పడక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ముందు వరుసలో మా ఊరి బదిలీ కార్మికుడొకడు, అంటే పనికి రానివాళ్ల బదులు గనిలో దిగేవాడు, ఉన్నాడు. ఏడాదికి కావలసినన్ని హాజర్లు, అంటే మస్టర్లు, పడితేనే అతనికి ఉద్యోగం పర్మినెంటు. ఏడాది ఇంకా నాలుగు రోజులుంది, అతనికి నాలుగూ పడాలి. రెండో షిఫ్టు మూడింటికి. ఆలస్యమైతే గేటు దగ్గర మస్టర్ పడదు.

ఖని వైపు ఒడ్డు దగ్గరపడ్డాక అధికారి పడవ ఆపించాడు. ఒడ్డున ఉన్న ఫొటోగ్రాఫర్లకు వెలుతురు కుదరలేదట. పడవను ఇటు తిప్పమన్నారు, అటు తిప్పమన్నారు. చేతులూపమన్నారు. ఊపాం. నేనూ ఊపాను.

"సారూ, జల్ది పోనియ్యుండ్రి. మస్టర్ పోతే నా ఏడాది పోతది" అన్నాడు కార్మికుడు.

"ఏందిరా, నీ ఒక్కనికేనా డ్యూటీ? సారు మన పానాల కోసం వచ్చిండు" అన్నాడు గుత్తేదారు.

ముసలాయన గడను నీళ్లలో దించి, పైకి తీసి చూపించాడు. "గీ నీళ్లల్ల మునగాలంటే పండుకోవాలె, సారూ."

అందరూ నవ్వారు. కార్మికుడు నవ్వలేదు. గడకు తడి ఎంతవరకు ఉందో చూసి, టిఫిన్ డబ్బా నెత్తిన పెట్టుకుని దిగాడు. నీళ్లు నడుము దాటలేదు.

"అరే, సర్కారు జాకెటురా! ఇచ్చి పో!" అని అరిచాడు గుత్తేదారు.

అతను ఆగకుండానే ఒంటిచేత్తో విప్పి వెనక్కి విసిరాడు. అధికారి "డేంజర్, డేంజర్" అంటున్నాడు. ఫొటోకు అడ్డం వస్తున్నాడని ఒడ్డు మీదివాళ్లు కార్మికుణ్ని పక్కకు జరగమన్నారు.

జాకెట్లు అధికారి జీపులోనే వెళ్లిపోయాయి. మేం చేతులూపుతున్న ఫొటో మరునాడు మా పత్రికలోనూ వచ్చింది. కింద అధికారి చొరవను మెచ్చుకున్న రెండు వాక్యాలు నావే.

ఫొటో వచ్చిన రోజు మధ్యాహ్నం పడవలో కార్మికుణ్ని అడిగాను, మస్టర్ పడిందా అని.

"పడ్డదన్నా. తడి బట్టలతోనే బాయిల దిగిన. లోపటికి పోయినంక ఏది తడి, ఏది చెమట, ఎవనికెరుక?"

తర్వాత ఒడ్డుకేసి చూశాడు.

"ఇంక మూడు పడాలె. ఇయ్యాల గూడ ఎవడన్న వస్తుండా?"