ఖాళీ కడుపు సాక్ష్యం

మా గుడియాత్తం చర్చి సంఘంలో మగవాళ్ళం నడిచేది రెండింటి వెంటే: శవం వెంట, కదిలిపోతున్న బస్సు వెంట. శరీర సాధన వల్ల లాభం కొంచెమేనని బైబిలు వాక్యంలో ఉండనే ఉంది. ఆ ఒక్క మాటనూ నిష్ఠగా పాటించాము. తిండిపోతుల గురించి చెప్పిన మాటలు వచ్చినప్పుడు మాత్రం గబగబా పేజీ తిప్పేవాళ్ళం.

నాకు షుగరు వచ్చి ఆరేళ్ళు. వేలూరు డాక్టరమ్మ రోజూ నడవమంటే తల ఊపి వచ్చేవాణ్ణి. పోయినేడు ఒక శుక్రవారం, పొద్దున మాత్ర వేసుకుని ఉపవాస ప్రార్థనకు పోయాను. సాయంత్రం ఏమీ తినకుండానే వీధి చివరి ల్యాబులో రక్తం ఇచ్చాను. షుగరు మామూలుగా వచ్చింది, పెళ్ళికొడుకు రక్తంలా! ఆదివారం సాక్ష్యాల సమయంలో మైకు పట్టుకున్నాను.

"దేవుడు నా షుగరు తీసేసినాడు!"

హల్లెలూయాలకు పైకప్పు రేకులు అదిరాయి. మధ్యాహ్నం బిర్యానీ రెండుసార్లు పెట్టించుకున్నాను. మాత్రలు మానేశాను. నా మాట నమ్మి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మా సంఘపెద్ద కూడా తన షుగరు మాత్రలు మానేశాడు.

రెండు నెలలకు నా కాలి బొటనవేలికి పుండు లేచింది. మానలేదు. డాక్టరమ్మ మూడు నెలల సరాసరి చూపించే పరీక్ష చేయించింది.

"మాత్రలు ఏమైనాయి నాయనా?"

"సాక్ష్యం చెప్పేసినానమ్మా."

"నీ రక్తం వేరే సాక్ష్యం చెప్తా ఉండాది. ఇట్లే ఉంటే వేలు తీసేయాల."

తిరుగు బస్సులో నా వేలికన్నా మా సంఘపెద్ద కాళ్ళే కళ్ళముందు ఆడాయి. దిగి నేరుగా వాళ్ళింటికి పోయాను. ఆయన మామిడిపండు జుర్రుతున్నాడు.

"పెద్దాయనా, నేను చెప్పింది తప్పు. మాత్రలు వేసుకో."

"నువ్వు మైకులో చెప్పినావప్పా. రద్దు చేయాలంటే మైకులోనే చెయ్యి. ఇంట్లో చెప్తే చెల్లదు."

ఆదివారం దాకా నాకు నిద్ర సరిగా లేదు. వేలు పోతే బూటులో దాచుకోవచ్చు, పరువును యాడ దాచేది? అయినా లేచి మైకు పట్టుకున్నాను.

"ఆ దినం నేను పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మాత్ర కూడా వేసుకున్నాను. దేవుడు ఆ మాత్రతోనే మేలు చేసినాడు. ఘనత ఆయనది, అబద్ధం నాది."

ఆడవాళ్ళ వరుసలో నుంచి ఒక్క గొంతు, మా ఆవిడది, గట్టిగా "ఆమేన్" అంది. తర్వాత ఆ వరుసంతా అందుకుంది. ఇన్నేళ్ళలో నా ప్రార్థనలకు అన్ని ఆమేన్‌లు ఎప్పుడూ రాలేదు.

ముందు వరుసలో పెద్దాయన తల తిప్పలేదు. జేబులోంచి నలిగిపోయిన మందుల చీటీ తీసి, పక్కనున్న మనిషికి ఇచ్చాడు.

"కంటద్దాలు తేలేదప్పా. రాత్రికి ఎన్ని వేసుకోమని ఉండాదో చదువు."