నంద్యాలలో పలికి ఆళ్లగడ్డలో ఆరిపోయే ఆట

ఈ రోజు ఆదివారం. లేవగానే చూస్తే, నా ఫోను తెర సగం నల్లబడింది. తుడుస్తుంటే ఆళ్లగడ్డలో మా నాయనమ్మ, అదే మా జేజి ఇంటి అరుగు గుర్తొచ్చింది.

ఎనభైల్లో పిల్లలుగా ఉన్న మీకు గుర్తుందా, అరచేతిలో పట్టే వీడియో గేమ్? రెండు బటన్లు, కీచుమనే చప్పుడు, బూడిదరంగు తెర మీద గెంతే బుల్లి మనిషి. నాకది కువైట్ నుంచి నాయన పంపాడు. తెర పనిచేస్తే వీధి పిల్లలంతా మా అరుగు మీదే. చెడిపోతే నేనొక్కడినే.

నంద్యాలలో గడియారాల షాపాయన ఎన్నిసార్లు బాగుచేసినా, బస్సు కుదుపులకు ఊరు చేరేసరికి తెర మళ్లీ ఖాళీ.

"ఇది బస్సెక్కితే పలకదప్పా, నువ్వే ఈడ ఉండిపో," అని చివరిసారి నవ్వాడాయన.

ఆ సాయంత్రం పక్కింటి మాబు తొంగిచూశాడు. "బొమ్మ కనపడతాందా?"

"లేదు. చప్పుడొస్తాంది, కూసో."

"కనపడినప్పుడు పిలువు," అని వెళ్లిపోయాడు.

ఏమీ కనిపించకపోయినా బటన్లు నొక్కుతూనే కూర్చున్నాను. జేజి వచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకుంది.

"పొద్దున్నే తొలి బస్సుకు మాబుగాన్ని కూడా నంద్యాలకు పిలుచుకపోదాం. బాగైనాక ఆ బస్టాండులోనే కూసోని ఇద్దరూ ఆడుకోండి."