ఏటి మీద నా నీడ

ఈ రోజు వేంపల్లె సంతలో ఐసు ముక్కల మధ్య పడుకోబెట్టిన చెరువు చేపల ముందు చాలాసేపు నిలబడ్డాను. పెద్ద జబ్బు నుంచి లేచిన మా ఇంటావిడకు నోరు చచ్చిపోయి చాలా రోజులైంది. కంచం చూస్తేనే మొహం తిప్పుకునే మనిషి, ఈ పొద్దున తనంతట తానే ఏటి చేపల పులుసు తినాలని ఉందంది. ఏటి చేప ఎక్కడి నుంచి తేను? పాపాఘ్నిలో నీళ్లు చూసి ఎన్నాళ్లయిందో ఈ పక్కనున్న నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. దొరికిన చేపనే కొనుక్కుని ఇంటిదారి పట్టాను. ఈ మధ్య ఆ మాత్రం నడకకే ఒళ్లు అలిసిపోతోంది.

ఆమె ఈ కోరిక కోరడం ఇది రెండోసారి. మొదటిసారి కోరింది పెళ్లయిన కొత్తలో, తొలిచూలుతో పుట్టింట్లో ఉన్నప్పుడు. శివరాత్రి వెళ్లింది, ఎండలు ఇంకా ముదరలేదు. వేవిళ్లతో గుక్కెడు గంజి కూడా కడుపులో నిలవక మంచానికి అతుక్కుపోయిన పిల్లను చూసి మా అత్తగారు కంటనీరు పెట్టుకుంటుంటే, చూడటానికి వెళ్లిన నాకు కాలూ చేయీ ఆడలేదు. ఏటి చేపల పులుసైతే తింటానని ఆమె అనగానే మా మామ మారుమాట లేకుండా గాలపు కర్ర తీసుకుని బయలుదేరాడు. అత్తవారు పెట్టిన తెల్లపంచె కట్టుకుని ఆయన వెనకే నేనూ.

ఏరు కొండల సందు నుంచి బయటపడే చోట రాళ్ల మధ్య ఊటనీళ్లు సన్నగా పారుతుండేవి. నీళ్లు అంత తేటగా ఉన్నప్పుడు వానపామును గుచ్చితే చేప మోసం కనిపెడుతుందని, మా మామ కోడిపుంజు మెడ ఈకను దారంతో గాలానికి చుట్టి, పురుగు వాలినట్టు నీటిమీద ఆనించి ఆనించి లాగేవాడు. చూడముచ్చటైన పని. కానీ ఆ రోజు చేపలు దగ్గరికొచ్చినట్టే వచ్చి చెదిరిపోతున్నాయి. ఆయన మడుగు మార్చాడు, నేనూ మారాను.

"ఎండకు శానా కాగిపోతాండావు, ఆ తుమ్మచెట్టు కిందికి పోప్పా" అన్నాడు.

మామ ఎండలో ఉంటే అల్లుడు నీడన కూర్చుంటాడా? పర్వాలేదని మర్యాదగా ఆయన వీపు వెనకే నిలబడ్డాను. కాసేపాగి ఆయన మళ్లీ అదే మాట అన్నాడు, నేను మళ్లీ అదే మర్యాద చూపించాను. ఇంట్లో కూతురు శోష వచ్చి పడి ఉన్నా, కొత్తల్లుణ్ణి అడ్డం తప్పుకోమనడానికి ఆ పెద్దమనిషికి నోరు రాలేదు.

చివరికి ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ నీళ్లకేసి చూస్తే నేనూ అటే చూశాను. వెనక నుంచి పడే పొద్దుటెండకు నా నీడ మడుగు అవతలి ఒడ్డు దాకా పరుచుకుని ఉంది. నేను కదిలితే అది కదులుతోంది, అది కదిలితే చేపలు పారిపోతున్నాయి. సిగ్గుతో చచ్చి, తుమ్మచెట్టు కిందికి పోయి ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కాసేపటికి ఈక మునిగింది. ఆ మధ్యాహ్నం ఆమె సంగటిముద్దతో పులుసు తిని, అది కడుపులో నిలిచి, హాయిగా నిద్రపోయింది. నీడ సంగతి మామ గానీ నేను గానీ ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు మామ లేడు, ఏట్లో ఊట లేదు, ఇసుక ట్రాక్టర్లు మిగిల్చిన గుంతల్లో కంపచెట్లు మొలిచాయి. ఐసు చేపతో నాకు చేతనైన పులుసు కాచి, కంచం ఆమె చేతికిచ్చి, తింటుందో లేదోనని ఎదురుగానే నిలబడ్డాను. ముద్ద కలిపింది కానీ నోటిదాకా పోనివ్వలేదు.

"ఇది ఏటి చేప కాదని తెలుస్తానే ఉండాది లే. అట్ల మీద నిలబడి సూడొద్దు, పక్కకు పోవయ్యా, తింటా" అంది.

వాకిలి వెలుగుకు నా నీడ ఆమె కంచం మీద పడి ఉంది. వసారాలోకి వచ్చి కూర్చున్నాను. అలిసిపోయాను. నిజం చెప్పాలంటే భయంగా కూడా ఉంది. ఆ రోజు నేను అడ్డం తప్పుకుంటే చాలు, మిగతాది ఏరు చూసుకుంది. ఈ రోజు తప్పుకోవడమైతే తప్పుకున్నాను, చూసుకోవడానికి ఏరు లేదు. లోపల కంచంలో వేళ్ల చప్పుడు వినబడుతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.