పోటెక్కింది తాతయ్యా!

నా చిన్నప్పుడు వేసవి సెలవులిస్తే చాలు, బెజవాడలో నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. నాగాయలంకలో మా తాతయ్య దగ్గర వాలిపోయేదాన్ని. ఆయనకొక మోటారు లాంచీ ఉండేది. లంక ఊళ్ళ జనాన్ని ఏరు దాటించడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళు కృష్ణమీదే తిరిగాడు గానీ, ఏటి చివరే ఉన్న సముద్రంలోకి ఒక్కసారీ వెళ్ళలేదు. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దాటి, సముద్రం మీదుగా బందరు చేరాలని ఆయనకు మహా కోరిక. ఆ పిచ్చి నాకూ అంటుకుంది.

నా పదో ఏట ఆ ప్రయాణం కుదిరింది. తాతయ్య నెల రోజులపాటు జాలర్లను అడిగి అడిగి దారి తెలుసుకున్నాడు. డీజిల్ డబ్బాలు, మంచినీళ్ళ పీపా సర్దాడు. అమ్మమ్మ గొణుగుతూనే పులిహోర పొట్లాలు కట్టింది. తెల్లవారుతూనే ఇద్దరం బయల్దేరి, మొగకు ఇవతల లంగరు వేశాం. అక్కడంతా ఇసుక మేటలు. నీళ్ళు తగ్గే పాటు వేళ దాటితే లాంచీ అడుగు తగులుతుంది. నీళ్ళు పెరిగే పోటు కోసం ఆగాల్సిందే. తాతయ్య పక్కనే నీళ్ళలో ఒక వెదురు కర్ర గుచ్చి, "దీన్ని కనిపెట్టుకుని ఉండు అమ్మడూ, పోటెక్కగానే చెప్పు" అని ఇంజను దగ్గర కూర్చున్నాడు.

ఎదురుగా తెల్లటి నురగ. దాని అవతల అంతా సముద్రమే. ఎంతసేపని ఆగను? కర్రమీద తడి మరక నీళ్ళకు బెత్తెడు పైనే ఉంది, అంటే నీళ్ళింకా తగ్గుతూనే ఉన్నాయి. అది నాకు తెలుసు. అయినా నా నోరు ఊరుకుంటేనా! "పోటెక్కింది తాతయ్యా!" అని అరిచాను. ఆయన కర్రవైపు చూశాడు, నా మొహం చూశాడు, లంగరు ఎత్తేశాడు.

నూరు గజాలు పోయామో లేదో, లాంచీ మేటలో దిగబడింది. అడుగున నీళ్ళను తోసే ఫ్యాను వంగిపోయింది. అసలు పోటు వచ్చేసరికి మొగ నిండా నీళ్ళున్నాయి, దాటడానికి లాంచీయే పనికిరాలేదు. జాలర్లెవరో మోకు కట్టి మమ్మల్ని వెనక్కి లాక్కొచ్చారు. దారిలో వెక్కి వెక్కి ఏడుస్తూ అబద్ధం ఒప్పుకున్నాను.

"నీ ఒక్కదానిదే కాదులేమ్మా తప్పు. కర్ర నేనూ చూశాగా. నాకూ ఆ మాటే వినాలనిపించింది" అన్నాడు తాతయ్య. ఇంటికొచ్చాక అమ్మమ్మ నిలదీస్తే, "నేనే నీళ్ళు సరిగ్గా చూసుకోలేదే" అన్నాడు. నా పేరెత్తనే లేదు.

లాంచీ బాగయ్యేసరికి తుఫానుల రోజులొచ్చాయి. మరుసటి ఏడు ఆయనకు చూపు మందగించి, లాంచీ అమ్మేశారు.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. ఎవరైనా మనసుకు నచ్చిన కబురు తెస్తే ఠక్కున నమ్మను. ఇది నిజమా, నేను వినాలనుకున్నదా అని కాసేపు ఆగుతాను. పిల్లలు నన్ను అనుమానప్పక్షి అంటారు. అననీ. నిరుడు మనవడు ఆ మొగ దగ్గరి హంసలదీవి తీసుకెళ్ళి, పడవ మాట్లాడతాను, సముద్రంలోకి వెళ్ళొద్దామన్నాడు. నేను వద్దన్నాను. తాతయ్య వెళ్ళలేకపోయింది నా మాటవల్లనే. ఆయన్ని వదిలేసి నేనెలా వెళ్ళను?