పిట్టల గింజల గోంగూర

మనుషులు సముద్రాలు దాటిపోతారు గాని, నాలుక మాత్రం పుట్టిన ఊళ్ళోనే దిగబడిపోతుంది. మత్తు డాక్టరు కనకలతది తెనాలి. జర్మనీలో, జీగెన్ ఆసుపత్రిలో చేరి ఆరేళ్ళయినా ఆమె నాలుక గోంగూర కోసమే కొట్టుకునేది.

చలికాలంలో కిటికీ కింద పిట్టలకు గింజలు చల్లడం అక్కడి వాళ్ళకు అలవాటు. ఇంటి ఓనరమ్మను చూసి ఈవిడా మొదలెట్టింది. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి వేసవికి ఆ చోటే, వేళ్ళు చాచినట్టు, రంపపు అంచుల ఆకులతో మొక్కలు లేచాయి.

"ఏవండీ, గోంగూర!"

భర్త రంగనాథ్ ఓ ఆకు నమిలాడు. "పులుపేదే?"

"ఎండే లేని దేశంలో పులుపెక్కణ్ణించి వస్తుంది? మీరు మరీనూ!"

పాపం, ఆవిడ గోంగూరను బజార్లో కట్టలుగా చూసిందే గాని చేలో నిలబడగా చూసింది కాదు. పుల్లటి రూబార్బ్ కాడలు ఉడికించి కలిపి, ఎండుమిర్చి వేసి రుబ్బింది. ఆ పచ్చడి తిన్న ఆదివారాలు రంగనాథ్ సాయంత్రం దాకా లేచేవాడు కాదు. వేడన్నం మహిమ అనుకున్నారు.

ఆసుపత్రిలో ఆమెతో పనిచేసే గర్బా నైజీరియా వాడు, ఊరు కానో. "అక్కా" అనడం ఆవిడే నేర్పింది. చదువు ముగిసి అక్టోబరులో ఇంటికి బయల్దేరుతున్నాడని భోజనానికి పిలిచింది. ఊరెళ్ళే మనిషిని ఉత్తిచేతులతో పంపకూడదు గదా. వాళ్ళమ్మకని ఓ పచ్చడి సీసా, పెరట్లో చల్లుకోమని ఓ గింజల పొట్లం చేతిలో పెట్టింది.

"ఏం గింజలక్కా?"

"మా గోంగూర నాయనా. అదిగో, కిటికీ కింద."

గర్బా తొంగిచూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"అక్కా, అది గంజాయి! పిట్టల గింజల్లో కలిసొచ్చి ఉంటుంది. మా దేశంలో పండిస్తే మరణశిక్ష, లేదా ఇరవయ్యొక్కేళ్ళ జైలు. అరవై ఆరులో సైనిక ప్రభుత్వం తెచ్చిన చట్టం. పీల్చినా పదేళ్ళు. మా పక్కింటి కుర్రాడు లోపలే ఉన్నాడు. ఈ పొట్లంతో కానోలో దిగుంటే మా అమ్మ నన్ను జైలు గేటు దగ్గరే చూసేది."

"అయ్యో నా తండ్రీ!" ఆవిడ పొట్లం వెనక్కి లాక్కుంది.

"పైగా చట్టంలో దాని పేరు ఇండియన్ హెంప్. పేరు మీది, చావు మాది."

"అదన్నమాట ఆదివారాల నిద్ర!" అన్నాడు రంగనాథ్. గర్బా అప్పటికి నవ్వగలిగాడు. కనకలత నవ్వలేదు. పట్టుచీర కొంగు దోపి, బురదలో దిగి, మొక్కలన్నీ వేళ్ళతో సహా పెరికేసింది. గర్బా నిమ్మకాయ ఊరగాయతో విమానం ఎక్కాడు.

నాలుగేళ్ళ తర్వాత అక్కడ శిక్షలు సడలించారు. పక్కింటి కుర్రాడు ఇంటికొచ్చాడని గర్బా కబురుపెడుతూ, కూడా ఓ చిన్న గింజల పొట్లం పంపాడు: "మా వైపు దీన్ని యాకువా అంటారు. ఆకు పులుపు. చట్టం ఏమీ అనదక్కా."

వంటింటి కిటికీలో, కుండీలో వేసింది. మొదటి ఆకు మొగుడికివ్వలేదు. ముందు తనే భయంభయంగా నమిలింది. పళ్ళు జివ్వుమన్నాయి, కళ్ళు చెమర్చాయి.

వెంటనే వెళ్ళి ఓ ఖాళీ సీసా కడగడం మొదలెట్టింది. గర్బా వాళ్ళమ్మకు గోంగూర పచ్చడి బాకీ ఉంది మరి.